96 కోర్ల ఎపిక్ సర్వర్ పక్కన పాత ఐ7: కోర్లు 24 రెట్లు, వేగం ఒకటిన్నర రెట్లు కూడా లేదేం?

అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇంట్లో 2014లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ7-4790కె డెస్క్‌టాప్ ఉంది. ఆఫీసుకు ఏఎండీ ఎపిక్ 9654 ఉన్న కొత్త సర్వర్ వచ్చింది. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల పేజీలను టెసరాక్ట్ అనే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదివే) ప్రోగ్రామ్‌తో టెక్స్ట్‌గా మార్చే స్క్రిప్టును రెండింట్లోనూ నడిపి చూశారు. కోర్లు 24 రెట్లు ఎక్కువున్నా వేగం ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు. తప్పు సర్వర్‌దా, స్క్రిప్టుదా? ఇంట్లోది అమ్మేసి సెకండ్‌హ్యాండ్ సర్వర్ కొనుక్కోవచ్చా, క్లౌడ్‌లో అద్దెకు తీసుకుంటే నయమా?

సర్వర్ బాగానే ఉంది. మీకు కనిపించిన తేడా ఈ రెండు చిప్పుల్లో కోర్‌కూ కోర్‌కూ మధ్య ఉన్న తేడా. మిగతా 90 పైచిలుకు కోర్లకు మీ స్క్రిప్టు పనే చెప్పలేదు. స్క్రిప్టు సంగతికి వస్తాను. ముందు ఒక్క కోర్ లెక్క తేల్చుకుందాం, కొనాలా వద్దా అన్నది కూడా దాని మీదే నడుస్తుంది.

4790కె హాస్‌వెల్ తరానిది. 22 నానోమీటర్లు, 4 కోర్లు, 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పని వరుసలు), బేస్ క్లాక్ 4.0 గిగాహెర్ట్జ్, టర్బో 4.4. ఎపిక్ 9654 నవంబర్ 2022లో వచ్చింది, ఏఎండీ జెన్ 4 తరానిది. 96 కోర్లు, 192 థ్రెడ్లు, బేస్ 2.4, ఒకటి రెండు కోర్లే పనిచేస్తున్నప్పుడు 3.7 దాకా పోతుంది. క్లాక్ ఒక్కటే చూస్తే పాతదే ముందుంది. అయితే ఒక్కో క్లాక్‌లో జరిగే పని వేరు. హాస్‌వెల్ ఒకేసారి 192 ఆపరేషన్లను చేతిలో పట్టుకుని, ఏది సిద్ధంగా ఉంటే దాన్ని ముందు కానిస్తుంది. జెన్ 4లో ఆ కిటికీ 320. కోర్‌కి సొంతంగా ఉండే ఎల్2 కాష్ (డేటాను దగ్గర పెట్టుకునే చిన్న, వేగమైన మెమరీ) అక్కడ 256 కేబీ, ఇక్కడ 1 ఎంబీ. బ్రాంచ్ ప్రెడిక్షన్, అంటే ప్రోగ్రామ్ తర్వాత ఎటు పోతుందో ముందే ఊహించడం కూడా చాలా మెరుగైంది. ఒక్కో క్లాక్‌లో జరిగే పనిలో ఏఎండీ తన లెక్కగా, ముందు తరం మీద, జెన్ 2కి 15 శాతం, జెన్ 3కి 19, జెన్ 4కి 13 శాతం పెరుగుదల ప్రకటించింది. మొదటి జెన్ ఇంచుమించు హాస్‌వెల్, దాని తర్వాతి బ్రాడ్‌వెల్ స్థాయిదే కాబట్టి ఇవన్నీ గుణిస్తే క్లాక్‌కి సుమారు 1.5 రెట్ల పని. క్లాక్ నిష్పత్తి 3.7 బై 4.4, అంటే 0.84. రెండూ కలిపితే 1.3. ఎనిమిదేళ్ల తేడాకి ఒక్క కోర్ మీద దక్కేది మూడో వంతు కన్నా తక్కువే. మీ కొలతకు ఇది సరిపోతోంది కదా.

ఈ 1.3 అన్ని పనులకూ ఒకేలా ఉండదు. షా-256 చెక్‌సమ్‌లు (ఫైలు చెడలేదని తేల్చే అంకెలు) చూసుకునే పనైతే జెన్ 4లో దానికి ప్రత్యేకమైన ఇన్‌స్ట్రక్షన్లున్నాయి, హాస్‌వెల్‌లో లేవు. అక్కడ తేడా కొన్ని రెట్లు ఉంటుంది. ఏవీఎక్స్-512 (ఒకే లెక్కను చాలా అంకెల మీద ఒకేసారి చేసే వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు) వాడే ప్రోగ్రామ్ అయినా కొంత లాభమే, కాకపోతే జెన్ 4 ఆ 512 బిట్ల పనిని 256 బిట్ల యూనిట్ల మీదే రెండు విడతల్లో చేస్తుంది కాబట్టి రెట్టింపు వస్తుందనుకోకండి. దీనికి ఉల్టా, మెమరీలో చెల్లాచెదురుగా ఉన్న డేటా వెంట పరిగెత్తే పనులు, ఉదాహరణకు పెద్ద లింక్డ్ లిస్టులు, కాష్‌లో పట్టని హాష్ టేబుళ్లు, సర్వర్‌లో నెమ్మదించే అవకాశమూ ఉంది. డెస్క్‌టాప్‌లో మెమరీ కంట్రోలర్ అదే చిప్పులో ఉంటుంది. 9654లో 12 చిన్న కోర్ చిప్పులు, మధ్యలో ఐఓ చిప్పు. మెమరీకి వెళ్లే ప్రతి అభ్యర్థనా దాన్ని దాటి పోవాలి. అందుకే డెస్క్‌టాప్‌లో 60, 70 నానోసెకన్లలో తెమిలేది ఇక్కడ 100 దాటుతుంది.

కాష్ విషయంలో ప్రకటనల్లో కనిపించే 384 ఎంబీ ఎల్3 చూసి చాలామంది పొరబడతారు. అది 12 చిప్పులకు పంచిన మొత్తం. ఒక్కో చిప్పులో 8 కోర్లు, వాటికి 32 ఎంబీ. ఒక్క థ్రెడ్ నడిపితే దానికి అందేది ఆ 32 ఎంబీయే, పక్క చిప్పులో ఖాళీగా పడున్నది దీనికి పనికిరాదు. అయినా 4790కెలో ఉన్న 8 ఎంబీతో పోలిస్తే మెరుగే.

ఇక స్క్రిప్టు. మీరు పేజీ తర్వాత పేజీ వరుసగా టెసరాక్ట్‌కి ఇస్తున్నారు. టెసరాక్ట్ 4వ వెర్షన్ నుంచీ లోపల ఓపెన్‌ఎంపీ (పనిని థ్రెడ్లకు పంచే పద్ధతి) వాడుతుంది, కానీ గరిష్ఠంగా 4 థ్రెడ్లు. వాటి వల్ల వచ్చే లాభం కూడా అంతంతే. ఎక్కువ సమయం థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి ఊరికే తిరుగుతూ ఎదురుచూస్తాయి. టాప్ కమాండ్‌లో ఆ ప్రాసెస్ 300 శాతం పైగా వాడుతున్నట్టు కనిపిస్తుంది, పేజీ మాత్రం అంత త్వరగా రాదు. కాబట్టి 96 కోర్లున్నా, 4 ఉన్నా దానికి ఒకటే.

చేయాల్సింది రెండు మార్పులు. మొదటిది, ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1గా పెట్టండి. అన్నీ పెద్దక్షరాలు, మాటల మధ్య అండర్‌స్కోర్లు. దాంతో ఒక్కో టెసరాక్ట్ ఒక్క థ్రెడ్‌తో నడుస్తుంది. రెండోది, గ్నూ పారలల్‌తో గానీ ఎక్స్‌ఆర్గ్స్‌లోని పీ ఆప్షన్‌తో గానీ ఒకేసారి కోర్లన్ని టెసరాక్ట్‌లు నడపండి: ఇంట్లో 4, సర్వర్‌లో 96. మొదటి మార్పు చేయకుండా రెండోది ఒక్కటే చేస్తే 96 ప్రాసెస్‌లు, ఒక్కోదానికి 4 చొప్పున 384 థ్రెడ్లు కోర్ల కోసం కొట్టుకుంటాయి. వరుసగా నడిపినదానికన్నా మెరుగే గానీ రావాల్సిన వేగంలో సగం కూడా రాకపోవచ్చు. ఈ పొరపాటు ఎంత మామూలంటే, "పారలల్ పెట్టినా లాభం లేదు" అన్న ఫిర్యాదు వస్తే ముందు ఆ వేరియబుల్ పెట్టారా అని అడగడం అలవాటైపోయింది.

అంకెల్లో చూడండి. 4790కె మీద ఒక్క థ్రెడ్‌తో పేజీకి 6 సెకన్లు పడుతుందనుకుందాం. ఎపిక్ మీద 1.3తో భాగిస్తే 4.6 సెకన్లు. 10,000 పేజీలను సర్వర్‌లో ఒక్కొక్కటిగా నడిపితే 46,000 సెకన్లు, అంటే పన్నెండు ముప్పావు గంటలు. ఇంట్లో 4 ఒకేసారి నడిపితే 15,000 సెకన్లు, అంటే 4 గంటల 10 నిమిషాలు. సరిగ్గా వాడిన పాత డెస్క్‌టాప్ సరిగ్గా వాడని సర్వర్‌ని మూడు రెట్లు వెనక్కి నెట్టేసింది. అదే సర్వర్‌లో 96 ఒకేసారి నడిస్తే ఎనిమిది నిమిషాల పైన. కోర్లన్నీ పనిలో ఉన్నప్పుడు 9654 క్లాక్ 3.55 దాకా నిలుస్తుందని ఏఎండీ చెబుతుంది. 4790కె కూడా నాలుగు కోర్లూ నడిస్తే 4.2కి దిగుతుంది కాబట్టి నిష్పత్తి పెద్దగా మారదు. వెక్టర్ పని గట్టిగా ఉన్నప్పుడు సర్వర్ క్లాక్ ఇంకా దిగుతుంది, అందుకే పది నిమిషాలు అనుకోండి.

పేజీకో ప్రాసెస్ నడిపితే ప్రతిసారీ తెలుగు మోడల్ ఫైలు మళ్లీ లోడ్ అవుతుంది. టెసరాక్ట్‌కి ఇమేజ్ బదులు ఇమేజ్‌ల పేర్లున్న టెక్స్ట్ ఫైలు కూడా ఇవ్వొచ్చు, ఆ జాబితా మొత్తాన్ని ఒకే లోడ్‌తో కానిచ్చేస్తుంది. అయితే జాబితా ఎంత పొడుగుండాలన్న చోట తెలివిగా ఉండాలి. 10,000 పేజీలను వందేసి పేజీల జాబితాలుగా చేస్తే 100 జాబితాలవుతాయి. మొదటి విడత 96 వెళ్లిపోతాయి, మిగిలిన 4 రెండో విడతలో వెళ్తాయి, ఆ విడతంతా 92 కోర్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి. మొత్తం 200 పేజీల కాలం. 25 పేజీల జాబితాలైతే 400. 5 విడతలు, 125 పేజీల కాలం. 10 పేజీలవైతే 1000. 11 విడతలు, 110 పేజీల కాలం. అన్ని కోర్లూ చివరిదాకా పనిచేసే ఆదర్శ లెక్క 104. కాబట్టి పది దగ్గర ఆగండి. 4 కోర్ల మీద ఈ సమస్య కనిపించనే కనిపించదు, అక్కడ వంద పేజీల జాబితాలైనా 25 విడతలు సరిగ్గా సరిపోతాయి. డెస్క్‌టాప్‌లో బాగా నడిచిన స్క్రిప్టు సర్వర్‌లో సగం వేగంతో నడవడానికి ఇలాంటివే కారణాలు.

96 కాకుండా 192 నడిపితే? ఒక కోర్‌లోని రెండు థ్రెడ్లు ఒకే లెక్కల యూనిట్లను పంచుకుంటాయి. మెమరీ కోసం ఎదురుచూపులు ఎక్కువున్న పనుల్లో రెండో థ్రెడ్ ఆ ఖాళీని వాడుకుంటుంది, వెక్టర్ లెక్కలు దంచే పనుల్లో అంత ఖాళీ ఉండదు. 96తో, 128తో, 192తో వెయ్యేసి పేజీలు నడిపి చూసుకోండి. అది ఆఫీసు సర్వర్ కాబట్టి నైస్ 19తో (అన్నిటికన్నా తక్కువ ప్రాధాన్యంతో) నడపడం మర్యాద.

ర్యామ్ లెక్క సులువు. 300 డీపీఐలో ఏ4 పేజీ 2480 బై 3508 పిక్సెళ్లు, రంగుల్లో ఉంటే విప్పిన తర్వాత 26 ఎంబీ. మధ్యలో చేసుకునే కాపీలూ, మోడలూ కలిపి ప్రాసెస్‌కి అర జీబీ వదిలేయండి. 96కి 48 జీబీ. 4790కె గరిష్ఠంగా తీసుకునేదే 32 జీబీ, 9654 ఒక్క సాకెట్‌కి 6 టీబీ దాకా తీసుకుంటుంది.

డిస్కు మాత్రం చూసుకోవాలి. పేజీకి 5 ఎంబీ ఇమేజ్ అనుకుంటే మొత్తం 50 జీబీ. ఇంటి మెషీన్ దాన్ని నాలుగు గంటల్లో చదువుతుంది కాబట్టి సెకనుకు 3.3 ఎంబీ, ఏ పాత హార్డ్ డిస్కుకైనా అదొక లెక్క కాదు. సర్వర్ ఎనిమిది నిమిషాల్లో చదవాలంటే సెకనుకు 100 ఎంబీ పైన కావాలి. ఇమేజ్‌లు ఒక గిగాబిట్ నెట్‌వర్క్ మీదున్న నాస్‌లో (నెట్‌వర్క్ స్టోరేజ్ పెట్టెలో) ఉంటే ఆ తీగ గరిష్ఠం సుమారు 110. హార్డ్ డిస్కు అయితే 96 ప్రాసెస్‌లు తలో చోటినుంచీ చదువుతుంటే తల అటూ ఇటూ తిరగడంతోనే సరిపోతుంది. ముందు సర్వర్‌లోని ఎన్‌విఎంఈ డ్రైవ్‌కి కాపీ చేసుకుని అప్పుడు మొదలుపెట్టండి.

ఇప్పుడు మెమరీ బ్యాండ్‌విడ్త్. సర్వర్ ప్రాసెసర్ల గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా దాటేసే అంకె ఇదే. 4790కెకి డీడీఆర్3-1600 రెండు ఛానళ్లు, సెకనుకు 25.6 జీబీ. 9654కి డీడీఆర్5-4800 పన్నెండు ఛానళ్లు, 460.8 జీబీ. సరిగ్గా 18 రెట్లు. కానీ కోర్లు 24 రెట్లు పెరిగాయి. కోర్‌కి పంచితే పాత డెస్క్‌టాప్‌లో 6.4 జీబీ, కొత్త సర్వర్‌లో 4.8. అన్ని కోర్లూ నిండుగా నడుస్తున్నప్పుడు ఒక్కో కోర్ వాటాకు వచ్చే మెమరీ ధార పదేళ్ల కిందటి డెస్క్‌టాప్ కన్నా సన్నగా ఉంది. పెద్ద మ్యాట్రిక్స్‌ల మీద ఒక్కసారి నడిచిపోయే పనులు, ఫ్లూయిడ్ సిమ్యులేషన్లు, ప్రాసెసర్ మీదే పెద్ద లాంగ్వేజ్ మోడల్ నడపడం లాంటివాటిలో వేగం తేల్చేది ఈ ధారే. 96 కోర్లూ పెట్టినా 40 కోర్ల దగ్గరే వేగం గీత చదునైపోతే ఆశ్చర్యపోవద్దు. టెసరాక్ట్ అదృష్టవశాత్తూ ఈ కోవలోది కాదు, దాని ఫాస్ట్ మోడల్ చాలావరకు కాష్‌లోనే తిరుగుతుంది.

ఆ 460.8 కూడా 12 ఛానళ్లలోనూ స్టిక్కులు పెడితేనే. డబ్బు మిగుల్చుకోవడానికి 64 జీబీ స్టిక్కులు రెండు పెట్టి సర్వర్ ఇచ్చేయడం చాలాచోట్ల జరుగుతుంది. కాగితం మీద 128 జీబీ ఉన్నట్టే, కానీ ఛానల్‌కి 38.4 చొప్పున వచ్చేది 76.8 జీబీ, కోర్‌కి 0.8. డీఎంఐడీకోడ్ కమాండ్‌లో మెమరీ భాగం చూస్తే ఏ స్లాట్‌లో స్టిక్ ఉందో, ఎంత స్పీడుతో నడుస్తుందో తెలుస్తుంది. మీ ఆఫీసు మెషీన్‌లో ఇది ముందు చూడండి. కొత్తగా కొనేటప్పుడు 64వి రెండు కాకుండా 16వి పన్నెండు అడగండి. ఇవి రిజిస్టర్డ్ (సర్వర్లకు చేసిన) స్టిక్కులే కావాలి. డెస్క్‌టాప్ డీడీఆర్5 స్టిక్కు ఆ స్లాట్‌లో కూర్చోదు, గాడి వేరే చోట ఉంటుంది.

బయోస్‌లో ఎన్‌పీఎస్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది: 1, 2, 4. సాకెట్‌ని అన్ని న్యూమా భాగాలుగా (ఒక్కోదానికి దగ్గర మెమరీ వేరు) చూపిస్తుంది. ఒకే ప్రోగ్రామ్ ఎక్కువ మెమరీ వాడేట్టయితే 1. విడివిడి ప్రాసెస్‌లు చాలా నడిపే మీలాంటి పనికి 4 పెట్టి, న్యూమాసీటీఎల్ కమాండ్‌తో ఒక్కో గుంపును ఒక్కో భాగానికి కట్టేస్తే కొంచెం మెరుగు. స్టిక్కులు అన్ని ఛానళ్లలో లేకపోతే 4 జోలికి పోవద్దు, కొన్ని భాగాలకు దగ్గర మెమరీయే ఉండదు.

సర్వర్‌లో మీ స్క్రిప్టు డాకర్‌లోనో కుబర్నెటీస్‌లోనో (ప్రోగ్రామ్‌ని కంటెయినర్ అనే విడి పెట్టెలో నడిపే సాధనాలు) నడుస్తుంటే ఇంకో గోతి ఉంది. కంటెయినర్‌కి 4 సీపీయూల పరిమితి పెట్టారనుకోండి. లోపలున్న పైథాన్ కోర్లు ఎన్నని అడిగితే 192 అనే జవాబు వస్తుంది, పరిమితి దానికి కనిపించదు. అది 192 థ్రెడ్లు లేపుతుంది. కెర్నల్ లెక్క ఇలా ఉంటుంది: ప్రతి 100 మిల్లీసెకన్లకూ 4 సీపీయూలంటే 400 మిల్లీసెకన్ల కోటా. 192 థ్రెడ్లూ ఒకేసారి నడిస్తే అది రెండు మిల్లీసెకన్లలో హరించుకుపోతుంది, మిగతా 98 మిల్లీసెకన్లు అందరూ ఆగిపోవాల్సిందే. బయట్నుంచి చూసేవాడికి ప్రోగ్రామ్ నత్తినత్తిగా నడుస్తున్నట్టుంటుంది, సీపీయూ వాడకం మాత్రం తక్కువే. ఆ పరిమితులుండే సీగ్రూప్‌లోని సీపీయూ.స్టాట్ ఫైల్లో త్రాటిల్ అయిన లెక్క పెరుగుతోందంటే జబ్బు ఇదే. జావా 10 నుంచీ ఈ పరిమితిని అదే చదువుకుంటుంది. పైథాన్‌లో నంపై లాంటివి వాడితే థ్రెడ్ల సంఖ్యను మీరే చెప్పాలి.

ఇంటి మెషీన్‌కీ సర్వర్‌కీ మధ్య బైనరీలు మోసుకెళ్లేవాళ్లకు ఒక మాట. సర్వర్‌లో మార్చ్ నేటివ్ (ఆ మెషీన్‌కి తగ్గట్టు) అని పెట్టి కంపైల్ చేస్తే అందులో ఏవీఎక్స్-512 చేరుతుంది, దాన్ని ఇంట్లో నడిపితే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని చచ్చిపోతుంది. జీసీసీ 11 నుంచి ఉన్న ఎక్స్86-64-వీ3 ఎంచుకోండి. అందులో ఉండేవన్నీ హాస్‌వెల్‌కి ఉన్నాయి, రెండింట్లోనూ నడుస్తుంది.

మీ పని పేజీ పేజీకీ విడిపోతుంది కాబట్టి 96 కోర్లూ నిండాయి. అన్నీ అలా విడిపోవు. ఒక పనిలో 95 శాతం పంచుకోదగ్గది, 5 శాతం వరుసలోనే జరగాల్సింది అనుకోండి. ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం ప్రకారం 4 కోర్ల మీద 3.5 రెట్లు, 96 మీద 16.7 రెట్లు వస్తుంది. ఒకదానితో ఒకటి పోల్చి, కోర్ తేడా 1.3 కూడా కలిపితే సర్వర్ మీ ఐ7 కన్నా 6 రెట్లు వేగం. పంచుకోదగ్గది 80 శాతమే అయితే రెండున్నర రెట్లు. 99 శాతమైతే పదహారు పైన. పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు కంపైల్ చేసేటప్పుడు చివర్లో వచ్చే లింకింగ్ ఆ 5 శాతంలాంటిది. ఫైళ్లన్నీ క్షణాల్లో కంపైలై, లింకర్ దగ్గర 95 కోర్లు ఖాళీగా ఉండటం టాప్‌లో కళ్లారా చూడొచ్చు.

మీ పని ఏ కోవలోదో తెలుసుకోవాలంటే బెంచ్‌మార్క్ సైట్లలోని మల్టీ-కోర్ స్కోర్లు చూసి లాభం లేదు. గీక్‌బెంచ్ 6లాంటివి ఒకే పనిని కోర్లందరూ పంచుకునేట్టు కొలుస్తాయి, వాటిలో 96 కోర్లు ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తాయి. రెండరింగ్ స్కోర్లలో ఉన్నదానికన్నా ఎక్కువగా. మీ పనినే టాస్క్‌సెట్ కమాండ్‌తో 1, 2, 4, 8, 16, 32, 64, 96 కోర్లకు కట్టి నడిపి సమయాలు రాసుకోండి. ఎక్కడ చదునవుతుందో అక్కడ ఆపి చూడండి: కోర్లు ఖాళీగా కనిపిస్తుంటే వరుస పనో, లాకో, డిస్కో అడ్డం. కోర్లు నిండుగా ఉండి కూడా పెర్ఫ్ స్టాట్ కమాండ్‌లో క్లాక్‌కి ఇన్‌స్ట్రక్షన్లు 1 కన్నా బాగా కిందుంటే మెమరీ అడ్డం.

వీడియో పని కూడా ఉంటే ఒక తిరకాసు గుర్తుంచుకోండి. 4790కెలో హెచ్‌డీ 4600 గ్రాఫిక్స్, దాంతోపాటు క్విక్ సింక్ అనే హెచ్.264 ఎన్‌కోడర్ హార్డ్‌వేర్‌లోనే ఉన్నాయి. ఎపిక్‌లో గ్రాఫిక్స్ అసలు లేదు. క్విక్ సింక్‌తో నడిచే స్క్రిప్టు సర్వర్‌లో ఎర్రర్ ఇస్తుంది, లేదంటే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్‌కి మారిపోతుంది. ఒక్క 1080పీ వీడియోని 192 థ్రెడ్లకు పంచడం ఎక్స్264కి చేతకాదు. 12 వీడియోలు ఒకేసారి, ఒక్కోదాన్ని ఒక చిప్పులోని 8 కోర్లకు కట్టి నడపండి, అప్పుడు సర్వర్ సత్తా తెలుస్తుంది.

కొనడం మాట. 9654 ఇంటికి తెచ్చుకోవద్దు. దాని టీడీపీ (పార్టీ కాదు, వేడి లెక్క) 360 వాట్లు, మీ ఐ7ది 88. ప్రాసెసర్ తర్వాత అది పట్టే ఎస్‌పీ5 బోర్డు, 12 రిజిస్టర్డ్ స్టిక్కులు, దానికి తగ్గ కూలర్ కొనాలి. ర్యాక్ సర్వరే తెస్తే ఫ్యాన్ల మోతకు పక్క గదిలో కూడా పడుకోలేరు. అవి చల్లటి డేటా సెంటర్ గదులకు చేసినవి, మే నెలలో ఏసీ లేని మన గదులకు కాదు. ఖాళీగా ఉన్నా 200 వాట్లు లాగే మెషీన్ నెలకు 144 యూనిట్లు కాలుస్తుంది. ఇళ్లలో ఉండే 900 వీఏ ఇన్వర్టర్ పూర్తి లోడ్‌లో దాన్ని మోయడం కష్టం. సెకండ్‌హ్యాండ్ ఎపిక్ విడిగా కొంటే ఇంకో ముప్పు: కొన్ని కంపెనీల సర్వర్లలో ఒకసారి బూట్ అయిన ప్రాసెసర్ ఆ కంపెనీ బోర్డులకే శాశ్వతంగా కట్టుబడిపోతుంది, ఇంకే బోర్డులోనూ లేవదు. మీ బోర్డులోనే పెట్టి చూపిస్తేనే డబ్బివ్వండి.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట్ల పాత జియాన్‌లు (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లు) చవగ్గా దొరికితే, ఉదాహరణకు 2016 నాటి ఈ5-2680 వీ4 చూడండి. 14 కోర్లు, అన్నీ నడిస్తే 2.9 దగ్గర. 14 గుణించి 2.9 అంటే 40.6, మీ 4790కెది 4 గుణించి 4.2, 16.8. ఓసీఆర్ గుంపు పనికి సుమారు రెండున్నర రెట్లు వేగం. కానీ దాని గరిష్ఠ టర్బో 3.3, కాబట్టి ఒక్క థ్రెడ్ పనుల్లో, బ్రౌజర్‌లో కూడా, ఇప్పుడున్నదానికన్నా మందంగా అనిపిస్తుంది. దీనికన్నా ఏఎండీ డెస్క్‌టాప్ ప్రాసెసర్ రైజెన్ 9 7950ఎక్స్ లాంటిది మేలు. అదీ జెన్ 4 కోరే, కాకపోతే 3.7 బదులు 5.7 దాకా పోతుంది. ఒక్క థ్రెడ్ మీద ఆ ఖరీదైన సర్వర్ కన్నా ఒకటిన్నర రెట్లు వేగం, 16 కోర్లతో గుంపు పనిలో దానిలో దాదాపు నాలుగో వంతు. ఇంట్లో పెట్టుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఐ7ని తీసేయక్కర్లేదు. విండోస్ 11 జాబితాలో అది లేదు, విండోస్ 10కి మద్దతు 14 అక్టోబర్ 2025తో అయిపోయింది, కాబట్టి లినక్స్ వేసి ఓసీఆర్‌కి వదిలేయండి.

క్లౌడ్ అద్దెలో చూడాల్సింది వీసీపీయూ అంటే ఏమిటని. చాలా రకాల్లో అది కోర్ కాదు, థ్రెడ్. 8 వీసీపీయూలంటే 4 కోర్లు, 8 థ్రెడ్లు, అంటే సరిగ్గా మీ 4790కె అంత. దాన్ని తీసుకుంటే మళ్లీ అదే 1.3 దగ్గర ఆగుతారు. అమెజాన్ ఎం7ఏ లాంటి కొన్నింట్లో మాత్రం ఒక వీసీపీయూ ఒక పూర్తి కోర్. క్రెడిట్ల మీద నడిచే చవక రకాలు ఓసీఆర్‌కి పనికిరావు, క్రెడిట్లు అయిపోగానే బేస్‌లైన్‌కి పడిపోతాయి. టాప్‌లో ఎస్‌టీ అన్న అంకె పెరుగుతుంటే మీకు రావాల్సిన సమయం ఇంకెవరికో పోతోందని అర్థం.

అద్దెకు తీసుకునే ముందు అప్‌లోడ్ లెక్క కూడా వేసుకోండి. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ నవంబర్ 2022 నుంచీ ఉంది, కానీ డేటా సెంటర్ పక్క వీధిలో ఉన్నా మీ ఇంటి అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ అయితే 50 జీబీ వెళ్లడానికి 10,000 సెకన్లు, అంటే 2 గంటల 47 నిమిషాలు. సర్వర్ పని పది నిమిషాలు. మొత్తం మూడు గంటలు. ఇంట్లో ఐ7 నాలుగుంపావు గంటల్లో అదే తెమిల్చేస్తుంది. ఈ 10,000 పేజీలకైతే అద్దె దండగ. లక్షల పేజీలుంటే ముందు ఇంట్లోనే రంగు ఇమేజ్‌లను గ్రేస్కేల్ జేపెగ్‌గా మార్చి, 300 డీపీఐకి దించి పంపండి. టెసరాక్ట్‌కి రంగులు ఎలాగూ అక్కర్లేదు. పూర్తి నలుపు తెలుపుకి మాత్రం మీరు మార్చకండి, పసుపెక్కిన కాగితం మీద ఒత్తులూ, సున్నలూ అక్కడే పోతాయి.